మబ్బు బుడగకు తోక

లుంబాన్
ఆగస్టు 5, 1979

పూరాకి,

ముందు నీ మోకాలి సంగతి చెప్పు. వానలు పట్టుకున్నాయి కదా, కొబ్బరినూనెలో అల్లం కాచి రాస్తున్నావా, ఊరికే విసుక్కుంటూ కూర్చున్నావా? నీ కళ్ళు ఎలా ఉన్నాయి? రోజంతా ఆ బొమ్మల పత్రిక ఆఫీసులో కూర్చుని బొమ్మల నోటి దగ్గరి మాటల బుడగల్లో చీమ తలకాయలంత అక్షరాలు రాసేదానివి. నీ కళ్ళకేమైనా అయితే మన ఇద్దరిలో ఉత్తరం గడగడా చదివేది ఎవరు? నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. మీ కింది వాటా ఆవిడకు రక్తపోటు తగ్గిందా? మీ పిల్లి ఈనిందా? ఎన్ని? మీ కథలు రాసే ఇస్కో గారి కడుపులో పుండు ఎలా ఉంది? ఆయన కాఫీ మానాడా? మానడు, నాకు తెలుసు.

అందరినీ అడిగాను. ఎవరినీ మర్చిపోలేదనుకుంటాను.

సరే, నీ ఇంట్లో ఉంటున్న ఆ పిల్ల గొంతు ఎలా ఉంది? నేనడిగానని చెప్పకు. మొన్న మార్కెట్లో చేపలమ్మి రేడియో పెద్దగా పెట్టి, "సెబియా అక్కా! మీ మారివిక్ పాటే! మనీలాలో ఎక్కడ చూసినా ఇదేనట!" అని కేక పెట్టింది. "ఏ మారివిక్?" అన్నాను. "అయ్యో, మీ మనవరాలు!" అంది. "చేప తూకం సరిగ్గా వెయ్యి" అన్నాను. కానీ పాట అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను, చేప వాసన రావడం మొదలెట్టింది. మూడో చరణంలో దాని గొంతు చివర కొంచెం బొంగురు పోయింది. అది జలుబే. రాత్రిళ్ళు తల తడిపి పడుకుంటోందేమో. తల తడిపి పడుకుంటే కళ్ళు పోతాయని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను.

పాట పేరు "నాలుగు తీగలు" అట. ఇదేం పేరు? గిటారుకు ఆరు తీగలని చంటిపిల్లకు కూడా తెలుసు. జనం నన్ను అడుగుతున్నారు, ఎందుకు నాలుగు అని. నాకేం తెలుసు?

అది వెళ్ళి పదకొండు నెలలయింది. నలుగురు జులపాల జుట్టువాళ్ళతో కలిసి పాటలు పాడటానికి వెళ్ళింది. దీవెన కోసం నా చెయ్యి నుదుటికి ఆనించుకోకుండా గడప దాటింది. ఆ రోజు నేను కిటికీలోంచి పిలిచాను పూరా, నీకు ఎన్నిసార్లు చెప్పాను. పిలిచినా వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి లేని పిల్లని నా కడుపులో పెట్టుకుని పెంచితే, పిలిచినా తిరగలేదు. అదొక్కటే నా బాధ. మిగతావన్నీ మర్చిపోతాను.

ఈ సంచీలో అల్లం బెల్లం ఉండ ఉంది. గొంతుకు మంచిది. ఎవరు పంపారని అడిగితే ఎవరో పంపారని చెప్పు.

మీ అక్క
సెబియా

*

సంపాలోక్, మనీలా
ఆగస్టు 16

అక్కా,

వరసగా జవాబులు. మోకాలు వానకు ముందే చెబుతోంది, రేడియో కన్నా నయం. కళ్ళు బాగానే ఉన్నాయి. కింది వాటా ఆవిడ రక్తపోటు ఆవిడ భర్త వచ్చినప్పుడే పెరుగుతుంది, ఆయన నెలకోసారి వస్తాడు. పిల్లి ఐదింటిని ఈనింది, అందులో ఒకటి అచ్చం ఇస్కో గారిలా మూతి ముడుచుకుంటుంది. ఆయన కాఫీ మానలేదు, పుండూ ఆయన్ని మానలేదు.

"ఎవరో" పంపిన అల్లం ఉండ చూసి మారివిక్ ఏమీ అడగలేదు. సంచీ మూతి ముడి చూసింది. ఆ ముడి భూమ్మీద నువ్వొక్కదానివే వేస్తావు అక్కా, మూడు మెలికలు, పైన ఒక కుట్టు. ముడి విప్పకుండా పక్కనుంచి చింపి, ఆ ముడిని దాచుకుంది. నేను చూశానని దానికి తెలియదు.

ఇప్పుడు ఒక వార్త. కంగారు పడకు. కంగారు పడకు అంటే నువ్వు ఇంకా కంగారు పడతావని తెలుసు, అయినా చెబుతున్నాను. మా పత్రిక వాళ్ళు ఆ పాటను కొన్నారు. సెప్టెంబరు నుంచి వారం వారం కోమిక్స్‌గా వేస్తారు. పాట హిట్టయితే దాన్ని బొమ్మల కథ చేయడం, కథ హిట్టయితే సినిమా చేయడం ఇక్కడ మామూలే. రాసేది ఇస్కో గారు. అక్షరాలు నావే. అందులో ఒక మనవరాలు, ఒక గిటారు ఉంటాయి. మిగతాదంతా ఊహేనని ఆయన అన్నారు.

అమ్మమ్మ పాత్ర ఉందా అని అడుగుతావేమో. ఉన్నట్టుంది, చిన్నదే.

పూరా

*

లుంబాన్
సెప్టెంబరు 23

పూరా,

చిన్నదే అన్నావు! చిన్నదే అని రాశావు, నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, ఇక్కడే బిస్కెట్ డబ్బాలో!

ఎదురింటి చారింగ్ కొట్టు తెలుసుగా. దండేనికి బట్టల క్లిప్పులతో పత్రికలు వేలాడదీసి, బల్ల మీద కూర్చోబెట్టి అద్దెకు చదివిస్తుంది. చదవడం రానివాళ్ళకు తానే గొంతు మార్చి చదివి వినిపిస్తుంది. ఈ వారం బల్ల చాలక జనం కొబ్బరి దుంగల మీద కూర్చున్నారు. నేను చట్రానికి బట్ట బిగించుకుని మా అరుగు మీద కుట్టుపని చేసుకుంటున్నట్టు కూర్చుని విన్నాను. పెళ్ళికొడుకు చొక్కా ఛాతీ మీద మల్లెతీగ కుట్టాల్సింది, విని విని ముళ్ళకంప కుట్టాను. మళ్ళీ అంతా విప్పాలి.

ఆ ముసలిదాని గడ్డం మీద పులిపిరి, పులిపిరి మీద మూడు వెంట్రుకలు. నాకు పులిపిరి లేదు. అడ్డపొగ తాగుతుంది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. నేను జీవితంలో పొగాకు ముట్టలేదు. మెడలో తాడుకు పెద్ద కత్తెర వేలాడుతుంది. కత్తెర నాదీ మెడలోనే ఉంటుంది, కుట్టుపని చేసేదాన్ని, ఇంకెక్కడ ఉంటుంది? దాంతో గిటారు తీగలు రెండు పుటుక్కుమని కోస్తుంది. అంతటితో ఆగిందా? గిటారును గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టి అన్నం వండుతుంది! నేను కోసింది రెండే పూరా! రెండు కోసి కత్తెర మళ్ళీ మెడలో వేసుకున్నాను! గిటారు కట్టెతో అన్నం వండితే వార్నిష్ కంపు కొట్టదా? ఆ ఇస్కో ఎప్పుడైనా పొయ్యి ముట్టించాడా?

రాసేశాను. సరే, ఇప్పుడు నీకు తెలిసిందిగా. రెండు కోశాను. అది వెళ్ళకుండా ఉంటుందని. తీగలు లేకపోతే ఎలా పాడుతుందిలే అనుకున్నాను. నాలుగింటితోనే పాడేసింది. ఆ జులపాల వాళ్ళు బస్సు టాపు మీద కూర్చుని ఊళ్ళు తిరుగుతారట, కరెంటు తీగలు తగిలితే? నాకు నిద్ర పట్టలేదు, అందుకని కోశాను.

ఊళ్ళో పిల్లలు నన్ను "కత్తెర అవ్వ" అంటున్నారు. నిన్న చర్చిలో ఒక చిన్నపిల్ల నన్ను చూసి వాళ్ళమ్మ గౌను చాటుకు దూరింది. చారింగ్ అయితే నా మొహం మీదే, "సెబియా, ఆ ముసలిది ఎవరిలాగో ఉందే, ఎవరబ్బా!" అంటోంది.

ఈ కత్తెర సంగతి ఇస్కోకి ఎవరు చెప్పారు? నాకు, ఆ పిల్లకి తప్ప ఎవరికీ తెలియదు. అదే చెప్పి ఉంటుంది. నన్ను దేశం ముందు నిలబెట్టింది.

సెబియా

*

సంపాలోక్
అక్టోబరు 3

అక్కా,

మారివిక్ చెప్పలేదు. ఒట్టు. ఎవరు చెప్పారో తర్వాత చూద్దాం, అది ముఖ్యం కాదు.

ఆ బొమ్మ చూసి అది కూడా ఏడ్చినంత పని చేసింది. "మా అమ్మమ్మకు పులిపిరి లేదు. పొగ తాగదు. గిటారు విరగ్గొట్టలేదు" అని ఇస్కో గారి బల్ల దగ్గరకొచ్చి గొడవ పెట్టుకుంది. ఆయన, "అమ్మాయ్, మంచి అమ్మమ్మ ఉంటే ఎవరు కొంటారు? కథ మొదటి వారంలోనే అయిపోతుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే, పత్రిక ఇంతలా ఎప్పుడూ అమ్ముడుపోలేదు. ఉత్తరాలు బస్తాల్లో వస్తున్నాయి. అన్నీ నీ మీదే. నీ మీద అంటే, ఆ పాత్ర మీద. సెబూ నుంచి ఒకాయన ముసలిదాన్ని జీప్నీ బండి కింద పడెయ్యమన్నాడు. ఇలోకోస్ నుంచి కాన్వెంటు సిస్టర్లు ఆమె మారుమనస్సు కోసం ప్రార్థిస్తున్నారు, మారకపోతే పాము కరిపించమని కింద రాశారు.

ఇది చెప్పకూడదు కానీ, నీకు చెప్పకపోతే చారింగ్ చెబుతుంది. ఇరవయ్యో వారంలో ఆ పాత్ర చచ్చిపోతుంది. మనవరాలు ఇంటికి పరిగెత్తుకొస్తుంటే, సరిగ్గా అప్పుడే చర్చి గంట ఊడి నెత్తిన పడుతుంది. మనవరాలు గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. బొమ్మకు అప్పుడే స్కెచ్ వేశారు. గంట చాలా బాగా వచ్చింది.

అది కథ అక్కా. కాగితం. నిశ్చింతగా ఉండు.

పూరా

*

లుంబాన్
అక్టోబరు 21

పూరా,

నిశ్చింతగా ఉండమన్నావు. ఉన్నాను. మూడు ఆదివారాలుగా చర్చి బయట మామిడిచెట్టు కింద నిలబడి పూజ వింటున్నాను. గంట సరిగ్గా గుమ్మం మీదే ఉంది, లోపలికి వెళ్ళాలంటే దాని కిందనుంచే వెళ్ళాలి. ఫాదర్ వచ్చి, "ఏమ్మా సెబియా, లోపలికి రారేం?" అన్నారు. "గాలి బాగుంది ఫాదర్" అన్నాను. వాన పడుతోంది. ఆయన నన్నూ వాననూ చూసి, గొడుగు ఇచ్చి వెళ్ళారు. రేపు మా ఇంటికి మనిషిని పంపి, బుద్ధి స్థిమితంగా ఉందా అని అడిగిస్తారేమో.

నువ్వు ఇస్కోతో చెప్పు. నా మీద కోపం ఉంటే కాలు విరగ్గొట్టమను. ఎడమ కాలు, కుడి కాలు అక్కరలేదు, ఎలాగూ నొప్పే. జ్వరం తెప్పించమను. చంపడం మాత్రం వద్దు. ఆ పిల్ల గుమ్మం దగ్గరకొచ్చేసరికి నేను ఉండాలి. గుమ్మం దగ్గర నేను లేకపోతే అది ఎవరి చెయ్యి నుదుటికి పెట్టుకుంటుంది? అది రాదని నాకు తెలుసు. అయినా వచ్చిందనుకో.

ఒక్క మంచి పని మాత్రం చేశాడు ఇస్కో, అది ఒప్పుకుంటాను. ఏడో వారంలో ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళే బొమ్మ ఉంది చూడు. ముసలిది కిటికీలో ఉంటుంది. రెండు బుడగలు. చారింగ్ రెండూ చదివింది. మొదటిది కర్కశంగా: "పో! మళ్ళీ ఈ గడప తొక్కకు!" రెండోది మెత్తగా: "ఒక్కసారి వెనక్కి తిరిగి చూడవే తల్లీ." నేను సూది కింద పెట్టి, "విన్నారా!" అన్నాను. "పిలిచింది! ముసలిది పిలిచింది! పిల్లే తిరగలేదు! ఇప్పుడైనా తెలిసిందా తప్పు ఎవరిదో?" అన్నాను. అందరూ నావంక వింతగా చూశారు. చారింగ్ ఏదో చెప్పబోయి, "సర్లే సెబియా, నీ చట్రం చూసుకో" అంది.

ఇంతకీ నీకు చెప్పాల్సింది, నేను మీ పత్రికకు ఏ ఉత్తరమూ రాయలేదు. ఎవరైనా రాస్తే అది నేను కాదు.

సెబియా

*

సంపాలోక్
అక్టోబరు 30

అక్కా,

బటాంగాస్ నుంచి "ఒక పెద్దమనిషి భార్య" రాసిన ఉత్తరం అందింది. "ఆ ముసలావిడ లోపల చాలా మంచిది, చంపితే పాపం తగులుతుంది" అని ఉంది. బటాంగాస్ వాళ్ళు ఉత్తరాన్ని లుంబాన్ పోస్టాఫీసులో ఎందుకు వేశారో తెలియదు. "పాపం"కి రెండు సున్నలు పెట్టే పెద్దమనిషి భార్యను నేను ఒక్కదాన్నే ఎరుగుదును. ఆ వెంటనే ఇంకో పద్నాలుగు వచ్చాయి, అన్నీ గంజి మరకలతో, అన్నిటి మడతల్లో తెల్లదారం ముక్కలు. మీ కుట్టుపని ఆడవాళ్ళంతా ఒకే కలంతో రాశారా? ఇస్కో గారు ఒక దారం ముక్క పైకెత్తి పట్టుకుని, "పూరా గారూ, లుంబాన్‌లో మీకు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నేను దగ్గాను.

ఇక రెండు సంగతులు రాయాలి. రెండూ కష్టమైనవే, అందుకే ముందు నవ్వించాను.

మొదటిది. కత్తెర సంగతి ఇస్కోకి చెప్పింది నేనే. మారివిక్ నాకు చెప్పింది. ఓ మధ్యాహ్నం నూడుల్స్ తింటూ ఆయన "ఆ నాలుగు తీగలేమిటండీ" అని అడిగితే, నోరు ఆగలేదు. నువ్వు కిటికీలోంచి పిలిచావని కూడా చెప్పాను. అప్పటినుంచీ నీకు రాసే ప్రతి ఉత్తరంలో ఇది రాయాలనుకోవడం, పిల్లి గురించి రాయడం. నన్ను తిట్టు. కాగితం చాలకపోతే వెనకవైపు కూడా తిట్టు.

రెండోది. అక్కా, బుడగలు రెండు రకాలు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నీకు తెలుసనుకున్నాను. నోటి వైపు కోసుగా తోక ఉంటే అది పైకి అన్న మాట, పక్కవాళ్ళకు వినిపిస్తుంది. మబ్బులా ఉండి, కింద తోక బదులు మూడు చిన్న చుక్కలుంటే అది మనసులో అనుకున్నది. అది చదివేవాళ్ళకే కనిపిస్తుంది, కథలో వాళ్ళెవరికీ వినిపించదు. చారింగ్ పైకి చదువుతుంది కనుక నీకు రెండూ ఒకేలా వినిపించాయి. ఆ బొమ్మలో "పో"కి తోక ఉంది. "తిరిగి చూడవే"కి లేదు. నువ్వు పిలిచావని నేను చెబితే ఇస్కో గారు నవ్వి, "అలాంటి మనిషి పైకి పిలవదండీ" అని మబ్బులో పెట్టించాడు.

ఆయనకు ఏం తెలుసులే అనుకుని ఊరుకున్నాను. కానీ నిన్న మారివిక్ దగ్గర మెల్లిగా అడిగాను. "అమ్మమ్మ పిలిచినా తిరగలేదట కదే?" అంటే నాకేసి తెల్లబోయి చూసింది. "పిలవలేదు చిన్నమ్మమ్మా. పిలుస్తుందనే రోడ్డు మలుపులో నిలబడ్డాను. మూడు జీప్నీలు వదిలేశాను. నాలుగోది ఎక్కాను" అంది.

పూరా

*

లుంబాన్
నవంబరు 8

పూరా,

నిన్ను తిట్టడానికి రెండు కాగితాలు తెచ్చుకున్నాను. ఒకటి చాలు. తిట్లు వేరే రోజు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం. తర్వాత రోడ్డు దాటి చారింగ్ కొట్టుకు వెళ్ళాను. "చారింగ్, ఆ రోజు మారివిక్ వెళ్ళిన పొద్దున నువ్వు కొట్టు తెరిచే ఉన్నావుగా. నేను కిటికీలోంచి దాన్ని పిలవడం విన్నావా?" అన్నాను.

"నువ్వా? కిటికీ రెక్క పట్టుకుని కొయ్య విగ్రహంలా నిలబడ్డావు. పెదవులు బిగించి. పళ్ళు నొప్పేమో, లవంగం ఇద్దామా అనుకున్నాను."

"పిలిచాను చారింగ్."

"సెబియా, నువ్వు కోడిని అదిలిస్తే నా కొట్టులో పత్రికలు ఊగుతాయి. నువ్వు పిలిచి ఉంటే ఊరంతా తిరిగి చూసేది."

ఈసారి వేళాకోళం ఆడలేదు. కూర్చోమని బల్ల తుడిచింది.

పూరా, నా గొంతులో వినిపించింది. ఒట్టు. "అన్నం తిని వెళ్ళవే" అన్నాను. వెల్లుల్లి వేసి రాత్రి అన్నం వేయించాను, ఎండు చేప కాల్చాను, బల్ల మీద మూత పెట్టి ఉంది. "అన్నం తిని వెళ్ళవే మారివిక్" అన్నాను, నా చెవులకు గట్టిగానే వినిపించింది. పద్నాలుగు నెలలు అది విని కూడా తిరగలేదని ఏడ్చాను. వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. అంతా మబ్బులోనే ఉండిపోయిందన్నమాట. "పో" అన్నది మాత్రం తోకతో సహా వెళ్ళి తగిలింది.

నేనూ జీప్నీలు లెక్కపెట్టాను. మూడు వెళ్ళాయి, అది ఎక్కలేదు. రొప్పుతోందేమో, సంచీ బరువు ఎక్కువైందేమో, కాలు బెణికిందేమో అని చూస్తున్నాను. ఎదురుచూస్తోందని మాత్రం తట్టలేదు. అన్నిటికీ భయపడేదాన్ని, అది ఒక్కటే తోచలేదు.

నువ్వు రేజరు బ్లేడుతో తప్పులు గీకి దిద్దుతావు కదా. నాకొక పని చేసిపెట్టు. నన్ను చంపితే చంపించు, గంట వేయిస్తే వేయించు. కానీ దానికి ముందు నా మబ్బుకు ఒక తోక పెట్టించు.

సెబియా

*

సంపాలోక్
జనవరి 12, 1980

అక్కా,

రెండు నెలలు నీకు మూడు ముక్కల కార్డులు తప్ప రాయలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. పని కాకముందే చెబితే నువ్వు భయంతో మంచం పట్టేదానివి.

పంతొమ్మిదో వారం పేజీలు నా బల్ల మీదకు వచ్చాయి. మనవరాలు, ఆమె పాటల బృందం ఉన్న బస్సు ఊరి మీదుగా వెళ్తుంది. దిగదు. కిటికీలోంచి ఇంటిని చూస్తుంది. ముసలిది ఇంటి కిటికీలో నిలబడి ఉంటుంది, పెద్ద మబ్బు, కింద మూడు చుక్కలు. ఇస్కో గారు ఇచ్చిన మాటలు: "దిగితే కదా క్షమించడానికి!" బస్సు వెళ్ళిపోతుంది. తర్వాతి వారం గంట.

అందరూ భోజనానికి వెళ్ళారు. బ్లేడు తీసుకుని మూడు చుక్కలూ గీకేశాను. తెల్ల ఇంకు పూశాను, ఆరింది. నల్ల ఇంకుతో తోక గీశాను, నోటి దాకా. తొందరలో తోక కొంచెం లావు వచ్చింది, ఎలక తోకలా. మబ్బు అంచును గీకడానికి వేళ లేదు. అందుకని మబ్బుకే తోక ఉంది, అలాంటి బుడగ ఈ దేశంలో ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు. లోపల పెద్ద అక్షరాలతో రాశాను: "అన్నం తిని వెళ్ళవే!"

పేజీ ప్రెస్సుకు పోయింది. పత్రిక వచ్చిన రోజు ఇస్కో గారు నా బల్ల దగ్గరకొచ్చి పొట్ట పట్టుకుని నిలబడ్డారు. "పూరా గారూ! ఇదేమిటిది? ఇప్పుడు మనవరాలు వినేసింది! బస్సు ఆపాలి! దిగి తినాలి! నా గంట ఏం కావాలి?" అని అరిచారు. "పందుల కొట్టం మీద పడనివ్వండి" అన్నాను. పత్రిక అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయింది కనుక ఏమీ చేయలేకపోయారు. సోమవారానికి బస్తాలు వచ్చాయి. సెబూ ఆయన, జీప్నీ ఆయన, "మా అమ్మ కూడా అంతే" అని నాలుగు పేజీలు రాశాడు. సిస్టర్లు పామును వెనక్కి తీసుకున్నారు. మంగళవారానికి ఇస్కో గారు, "ఆ మలుపు నేను మొదటినుంచీ అనుకున్నదే" అని అందరికీ చెప్పడం మొదలెట్టారు. నేను దగ్గాను. ఇరవయ్యో వారంలో గంట ఖాళీ కొట్టం మీద పడుతుంది, నువ్వు చర్చిలోకి వెళ్ళవచ్చు. ఫాదర్ గొడుగు తిరిగి ఇచ్చెయ్.

ఇక అసలు సంగతి. పొద్దున మారివిక్ కాఫీ తాగుతూ పత్రిక తిరగేసింది. ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. తోక మీద వేలు పెట్టింది.

"చిన్నమ్మమ్మా, ఇది ఇస్కో గారు రాసిన మాట కాదు."

"ఎలా తెలుసు?"

"ఆయన పాత్రలు ఎవరూ తినరు."

"అక్షరాలు నావి, మాటలు లుంబాన్‌వి" అన్నాను. నీ నవంబరు ఉత్తరం దాని ముందు పెట్టాను. తప్పయితే క్షమించు, నా నోరు ఆగదని నీకు తెలుసు. చదివింది. లేచి వంటింట్లోకి వెళ్ళి అన్నం వేయించింది, వెల్లుల్లి మాడ్చింది, రెండు పళ్ళేలు తినేసింది. తర్వాత ఈ చీటీ ఇచ్చింది. అతికించి పంపుతున్నాను.

పూరా

"అమ్మమ్మా,
చెయ్యి నుదుటికి పెట్టుకోకుండా వచ్చాను. అప్పటినుంచీ నా నుదురు బరువుగానే ఉంది. ఫిబ్రవరి మొదట్లో మాకు ఒక శనివారం ఖాళీ ఉంది, పొద్దుటి జీప్నీలో రాగలను. రమ్మంటే వస్తాను. ఈసారి పైకి అను.
మారివిక్"

*

లుంబాన్
జనవరి 20

మారివిక్,

ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను, మీ చిన్నమ్మమ్మకు కాదు, అయినా అది చదివేస్తుంది. పూరా, చదివితే చదివావు, మోకాలికి నూనె రాసుకో.

నీ గొంతు ఎలా ఉంది? తల ఆరాకే పడుకుంటున్నావా? ఆ జులపాల పిల్లలు నలుగురూ బాగున్నారా? బస్సు టాపు మీద కూర్చోవద్దని చెప్పు. వాళ్ళకు అమ్మమ్మలు ఉన్నారా? ఉంటే ఉత్తరాలు రాస్తున్నారా? ఎవరికైనా లేకపోతే నలుగురికీ సరిపడా వండుతాను. జుట్టు మాత్రం అన్నంలో పడకుండా కట్టుకుని కూర్చోమను.

నిన్న సాంతా క్రూజ్ వెళ్ళి గిటారు తీగలు రెండు కొన్నాను. కొట్టువాడు "ఏ తీగలమ్మా?" అన్నాడు. నాకేం తెలుసు? కోసిన రెండు ముక్కలూ బిస్కెట్ డబ్బాలో దాచాను, రుమాల్లో చుట్టి తీసుకెళ్ళాను. చూపించాను. వాడు వాటిని చూసి, "కత్తెరతో కోసినట్టున్నాయే" అన్నాడు. "అవును నాయనా, నేనే" అన్నాను. వాడు కోమిక్స్ చదువుతాడనుకుంటాను, తీగలు గబగబా పొట్లం కట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఆరు తీగలూ బిగిస్తే, "నాలుగు తీగలు" పాట జనం వింటారా? మోసమంటారా? అందుకని నువ్వు వచ్చి చెప్పేదాకా పొట్లం విప్పను.

పిలవడం అలవాటు చేసుకుంటున్నాను. పొద్దున కిటికీలో నిలబడి "అన్నం తిని వెళ్ళవే" అని అరిచాను. చారింగ్ కొట్టులో మూడు పత్రికలు కింద పడ్డాయి. దారిన పోయే ఐస్‌క్రీం వాడు "నన్నేనా అమ్మా?" అని వచ్చాడు. పెట్టి పంపాను.

జీప్నీ రోడ్డు మలుపులో ఆగుతుంది, నీకు తెలుసు. దిగాక వెంటనే రాకు, ఒక్క నిమిషం అక్కడ నిలబడు. నేను పిలుస్తాను. ఆ రోజు నా గొంతు పట్టేస్తే, జలుబు చేస్తే, గాలి అటువైపు వీస్తే, నీకు వినిపించకపోతే, అది మబ్బులో ఉన్నట్టే అనుకుని నువ్వే వచ్చెయ్. నా వేళ్ళు సూది పోట్లతో గరుకుగా ఉంటాయి, నుదుటికి కొంచెం గుచ్చుకుంటాయి, ఓర్చుకో.

ఖాళీగా ఉన్న శనివారం ఏదో నువ్వు రాయలేదు. ఫాదర్ క్యాలెండరు చూసి నేనే ఖాయం చేశాను, మార్చడానికి వీల్లేదు, చేప కూడా చెప్పేశాను. ఫిబ్రవరి తొమ్మిది, శనివారం, పొద్దున మొదటి జీప్నీకి రావే.

అమ్మమ్మ